మంచినీళ్ల స్నానం

నా మరిది నేవీలో నావికుడు. డెబ్బైల మొదట్లో అతని ఓడ పరాయి దేశాల రేవులు తిరగడానికి వెళ్లింది. ఎక్కడుందో ఉత్తరంలో రాయకూడదు. చిరునామా ఎప్పుడూ బొంబాయే. మేము పటాన్‌చెరులో అద్దెకుండేవాళ్లం. మా ఆయనకు ఫ్యాక్టరీ డ్యూటీ, అత్తయ్యకు చిన్నకొడుకు దిగులు. భూగోళంతో బి.ఏ. చదివిన నేనుండగా ఓడ జాడ తెలియకపోవడమేమిటని అట్లాసు ముందేసుకున్నాను.

ఓడలో మంచినీళ్లు పొదుపు కాబట్టి, ఉప్పునీళ్ల స్నానమని రాస్తే నడిసముద్రం. మంచినీళ్ల స్నానమంటే రేవు. ఖర్జూరాలు తిన్నామంటే అరబ్బుల వైపు. చదివిన ప్రతిసారీ పెన్సిల్‌తో ఒక చుక్క.

బజార్లో కిరాణా కొట్టు నడిపే మా ఇంటి ఓనరమ్మ నవ్వేది. "ఏందమ్మా, ఆ జహాజు నీకు చెప్పి తిరుగుతదా?"

"మిరపకాయలు వాసన చూసి ఏ ఊరివో మీరు చెప్పట్లేదా?"

"మిరపకాయ నా చేతుల ఉంటది. జహాజు నీ చేతుల ఉన్నదా?"

అత్తయ్యకు ఒక కన్ను అప్పటికే పోయింది. రెండోదానిలో శుక్లం ముదిరింది, ఆపరేషన్ ఆలస్యం చేయొద్దని తేదీ కూడా ఇచ్చాడు సంగారెడ్డి డాక్టరు. ఆవిడ ససేమిరా అంది. "కోశాక ఇదీ పోతే? చిన్నోణ్ణి ఒక్కసారి చూసుకోనీండి, తర్వాత మీ ఇష్టం."

తరువాతి ఉత్తరంలో రోజూ మంచినీళ్ల స్నానమేనని ఉంది. పాత చుక్కల వరసలో ఇక మిగిలింది బొంబాయి రేవే. పది రోజుల్లో వస్తాడని తేల్చేశాను. మా ఆయన నసిగితే, "అట్లాసు మీరు చదివారా, నేను చదివానా?" అని నోరు మూయించాను. అతను వచ్చేదాకా ఆపరేషన్ వాయిదా వేయించింది నేనే.

మూడు వారాలకు మరిది రాలేదు, ఉత్తరం వచ్చింది. రోజూ మంచినీళ్ల స్నానమని రాసినప్పుడు నడిసముద్రంలోనే ఇంకో ఓడ పక్కకొచ్చి గొట్టాలతో నీళ్లు నింపిందట. ఇంకా దూరం పోతున్నారట, మూడు నెలల దాకా రాలేడట. ఈలోగా అత్తయ్య మంచినీళ్ల గ్లాసు అందుకోబోయి పక్కన గోడ తడిమే స్థితికి వచ్చింది.

ఉత్తరం దాచలేదు. చదివి వినిపించి, "తప్పు నాదే అత్తయ్యా," అన్నాను. ఆ మాట నా నోట అరుదు.

"నీదో, ఆ నీళ్లదో. వాడి ఫోటో పట్రా, ఎండలోకి."

యూనిఫాంలో దిగిన ఫోటో తెచ్చి ఇచ్చాను. కంటికి ఆనించుకుని అటూ ఇటూ తిప్పింది.

"టోపీ తెల్లగా తెలుస్తోంది. మొహం రావట్లేదు. ముక్కు ఎక్కడే?"

ఆవిడ వేలు పట్టుకుని అక్కడ పెట్టాను. కాసేపు అలాగే ఉంచింది.

"సరే పద. సంగారెడ్డి బస్సు పోతుంది," అంటూ కాళ్లతో చెప్పులు వెతుక్కుంది.