తెల్లారాక లేవాలనుకున్న సొలొమోను

కొళాయి తిప్పగానే నీళ్ళొస్తే అది కృష్ణమ్మ దయ అనుకునేవారు భవానీపురం జనం. నిజానికి అది సొలొమోను దయ. రోజూ మూడున్నరకే లేచి, ఇనుప కీ భుజాన వేసుకుని, వీధివీధికీ వెళ్ళి భూమిలో ఉన్న వాల్వులు తిప్పడం అతని ఉద్యోగం. ముప్ఫై నాలుగేళ్ళు తిప్పాడు. ఏ వాల్వు ఎన్ని చుట్లు తిప్పితే ఏ వీధికి నీళ్ళొస్తాయో అతనికి తప్ప ఎవరికీ తెలియదు. మ్యాపు గీయించాలని ఆఫీసువారు ఏటేటా తీర్మానం మాత్రం చేసేవారు.

సొలొమోనుకు పెద్ద కోరికలేమీ లేవు. రిటైరయ్యాక మొహం మీద ఎండ పడేదాకా పడుకోవాలి, అంతే. “అరవై రానీవే, ఎనిమిదింటికి ముందు నన్ను లేపావంటే చూడు!” అని భార్య తెరేసమ్మను ఇరవయ్యేళ్ళుగా బెదిరిస్తూ వచ్చాడు.

తీరా అరవై దగ్గర పడేసరికి ప్రభుత్వం కరుణించి, పదవీ విరమణ వయసు అరవై రెండు చేసింది. ఆఫీసంతా పండగ చేసుకుంది. “అదృష్టవంతుడివయ్యా, ఇంకో రెండేళ్ళు!” అంటూ అతని నోట్లో లడ్డూ కుక్కారు. పాపం, నమిలి మింగాడు.

ఇంకా ఐదు నెలల సర్వీసు ఉందనగా, ఓ వేకువన వాల్వు పక్కనే కూలబడ్డాడు. పక్షవాతం. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. ముద్దముద్దగా వచ్చే మాట తెరేసమ్మకు తప్ప ఎవరికీ అర్థం కాదు.

ఆ నెలలో సగం వీధులకు నీళ్ళు లేవు. మిగతా సగంలో రోడ్ల మీద పారాయి. దాంతో కాలనీలో గుళ్ళూ చర్చీలూ ఏకమై సొలొమోను ఆరోగ్యం కోసం ప్రార్థించాయి. “దేవుడిలాంటి మనిషండీ” అన్నారు, ఇన్నేళ్ళుగా అతని పేరైనా అడగని పెద్దమనుషులు.

ఓ రోజు తెల్లవారుజామున నాలుగింటికే నీళ్ళ ఆఫీసు ఇంజినీరు పవన్‌కుమార్ గారు ఆటో వెంటబెట్టుకుని, బత్తాయిలతో సహా దిగారు.

“కూర్చోబెట్టి తీసుకెళ్తామమ్మా. మాట్లాడక్కర్లేదు, ఎడం చేత్తో చూపిస్తే చాలు.”

తెరేసమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. “పడుకున్నాడండీ.”

“లేపండమ్మా. జనం అల్లాడిపోతున్నారు.”

“ముప్ఫై నాలుగేళ్ళు నేనే లేపానండీ. ఇంక లేపను. మీ మ్యాపు మీరు గీసుకోండి.” బత్తాయిలు ఆయన చేతిలోనే పెట్టి తలుపేసింది.

లోపల సొలొమోను అలవాటుగా మూడున్నరకే మేలుకుని అంతా విన్నాడు. ఆమె వచ్చి దుప్పటి సర్దేసరికి వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. లేవగలిగీ లేవకపోవడం కదా అతను కోరుకున్న సుఖం! లేవలేక పడుండటాన్ని ఎవరు కోరుకుంటారు? ఏదో గొణిగాడు. తెరేసమ్మ చెవి దగ్గర పెట్టి వింది. ఎనిమిదింటికి తనను లేపమంటున్నాడు.

ఎనిమిది కాగానే కిటికీ తలుపులు బార్లా తీసి, వీధంతా వినబడేలా కేకేసింది. “బారెడు పొద్దెక్కింది, లెగవయ్యా!”

“లెగను పో” అన్నాడు సొలొమోను.