‘పి’ అచ్చు పగిలిన చలికాలం

ఫ్రిడొలిన్ ష్టూసి ముప్ఫై ఒక్క ఏళ్ల ఉద్యోగంలో ఇనుము మీద రాసింది ఒకే ఒక్క అక్షరం. గ్లారుస్ లోయలో అందరూ అతన్ని ఫ్రిడ్లి అనేవాళ్లు. ఆయుధశాలలో తుపాకులు బాగుచేసే మేస్త్రీ. పొట్టి మనిషి, చెవులకు కొంచెం చెముడు, జేబులో ఎప్పుడూ నూనె గుడ్డ ఉండేది.

మా దగ్గర సైన్యమంటే వేరే మనుషులు కారు. పాలు పితికేవాడు, బడిపంతులు, టపా పంచేవాడు ఏటా కొన్ని వారాలు యూనిఫాం వేసుకుంటే అదే సైన్యం. ఆయుధం వాళ్ల ఇళ్లలోనే ఉంటుంది. వయసు నిండి సేవ ముగిసిన రోజున ఆయుధశాలకు వచ్చి అన్నీ అప్పజెప్పాలి. పిస్తోలు ఉంచుకోవాలనుకున్నవాడు మాత్రం పోలీసుల అనుమతి కాగితం చూపించి, దాన్ని ఫ్రిడ్లి బల్ల మీద పెట్టాలి. ఫ్రిడ్లి దాన్ని బిగించి, ఉక్కు అచ్చు ఆనించి, సుత్తితో ఒక్క దెబ్బ వేస్తాడు. ‘పి’ అని పడుతుంది. ప్రైవేటు అని అర్థం. పక్కన ఆ ఏడాది చివరి రెండంకెలు కొడతాడు. అంతవరకూ దేశానిదైన పిస్తోలు ఆ దెబ్బతో ఇంటిదవుతుంది.

సుత్తి ఎత్తే ముందు ప్రతివాణ్నీ ఒకే ప్రశ్న అడిగేవాడు. “ఎక్కడ పెడతావు?”

ఇది ఏ నిబంధనలోనూ లేదు. ఎందుకు మొదలుపెట్టాడో అతనూ చెప్పలేదు. అటక మీద స్కీ పెట్టెలో అని ఒకడు, కుట్టుమిషను కింది సొరుగులో అని ఒకడు అనేవారు. ఒకాయన మాత్రం, “మా అత్తగారికి తెలియని చోట” అన్నాడు. “అట్లాంటి చోటు ఈ లోయలో లేదయ్యా, ఇంకోటి చెప్పు” అన్నాడు ఫ్రిడ్లి. ఏ జవాబు వచ్చినా తల ఊపి కొట్టేసేవాడు. కాదనే అధికారం అతనికి లేదు.

రెండువేల పది డిసెంబరులో హైరీ వచ్చాడు. హైరీ మా ఊరి టపా మనిషి, ఫ్రిడ్లికి బడి నాటి నేస్తం, సైన్యంలో వైద్య పటాలం అధికారి. యాభై నిండాయి. ఆ శరదృతువులోనే అతని భార్య వెరెనా పోయింది. గడ్డం శుభ్రంగా గీసుకుని, కాగితాలన్నీ వరసగా పేర్చుకుని వచ్చాడు. ఒక్కటీ తక్కువ లేదు.

“ఎక్కడ పెడతావురా?” అన్నాడు ఫ్రిడ్లి.

“మంచం పక్కన. వెరెనా కళ్లజోడు పెట్టుకునే బల్ల ఉందిగా, అది ఖాళీ అయింది.”

ఎత్తిన సుత్తి ఫ్రిడ్లి దించేశాడు. అచ్చును కిటికీ వెలుగుకు పట్టి అటూ ఇటూ తిప్పాడు.

“ఇది పగిలిందిరా.”

“మొన్ననే మా పక్కింటివాడికి కొట్టావుగా?”

“మొన్నటి మాట మొన్నటిది. కొత్తది బెర్న్ పెద్దాఫీసు నుంచి రావాలి. అప్పటిదాకా పిస్తోలు ఇక్కడే ఉంటుంది. రసీదు రాసిస్తాను.”

హైరీ రసీదు మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఫ్రిడ్లి అచ్చును తన మధ్యాహ్నపు తిండి డబ్బాలో, పచ్చ జున్ను పొట్లం కింద దాచాడు. ఆ డబ్బా వైపు ఎవరూ రారు. ఆకు కలిపి చేసే మా పచ్చ జున్ను వాసన అలాంటిది.

తర్వాతి వారాల్లో ఇంకో పదిమంది వచ్చారు. వాళ్లకు కొడితే అచ్చు బాగానే ఉందని హైరీకి మర్నాడే తెలిసిపోతుంది. ఇంటింటికీ తిరిగేవాడు కదా. అందుకని పదిమందికీ పగిలిన అచ్చు కథే చెప్పాడు. పదకొండు పిస్తోళ్లు చీటీలు కట్టుకుని ఇనప బీరువాలో కూర్చున్నాయి.

ఇంకెప్పుడైనా ఇది చిన్న సంగతే అయ్యేది. కానీ ఆ ఫిబ్రవరిలో దేశమంతా ఓటు వేయాల్సి ఉంది: సైనికుల ఆయుధాలు ఇళ్లలో ఉండాలా, ఆయుధశాలలో ఉండాలా, అవసరమేమిటో చూపించని వాళ్ల చేతికి తుపాకి ఇవ్వొచ్చా. లోయలో రోజూ అదే మాట. ఫ్రిడ్లి ఇంట్లో మరీను. అతని భార్య రోస్లి ఊళ్లో నర్సు. ఆయుధాలు ఇళ్లలోంచి పోవాలన్న కాగితం వంటగది కిటికీకి అంటించింది. తుపాకులు చూసుకునేవాడి ఇంటి కిటికీకి!

డబ్బా కడగబోతే అచ్చు ఆమె చేతికి తగిలింది.

“ఏమయ్యా, ఇవాళ రొట్టెలో ‘పి’ నంజుకున్నావా?”

ఫ్రిడ్లి పత్రిక దించలేదు.

“పగల్లేదన్నమాట. చివరికి నా దారికొచ్చావు! నలుగురికీ చెప్పవేం మరి?”

“నీ దారీ లేదు, వాళ్ల దారీ లేదు. దాన్ని తుడిచి అక్కడే పెట్టు.”

“ఎవరి కోసం?”

అతను పేజీ తిప్పాడు. రోస్లి కాసేపు నిలబడి ఆలోచించింది. ఈ లోయలో ఎవరింట్లో ఎవరు నిద్రపోవడం లేదో ఆమెకు తెలుసు. అచ్చును తుడిచి, జున్ను పొట్లం కిందే పెట్టింది. మర్నాటి నుంచి ఆ ఇంట్లో చారు ఒక గిన్నె ఎక్కువ కాగేది.

ఫ్రిడ్లి శనివారం మధ్యాహ్నాలు పేకముక్కలు, చారు గిన్నె పట్టుకుని హైరీ ఇంటికి వెళ్లసాగాడు. ఇద్దరే ఆడుకునేవారు. పిస్తోలు మాట ఎత్తేవారు కారు. మంచం పక్క బల్ల మీద ఏముందో ఫ్రిడ్లి వెళ్లినప్పుడల్లా ఓరగా చూసేవాడు. దుమ్ము తప్ప ఏమీ ఉండేది కాదు.

జనవరి చివరి ఆదివారం ప్రార్థన అయ్యాక పూటకూళ్లింట్లో పెద్ద వాదన జరిగింది. తుపాకి గురి పోటీల సంఘం అధ్యక్షుడు బాల్ట్స్ లేచాడు. గొంతు పెద్దది, మీసం అంతకన్నా పెద్దది.

“చేతికి ఆయుధమిచ్చి ఇరవై ఏళ్లు నమ్మారు. చివరి రోజున నమ్మకం అయిపోయిందంటే ఎట్లా? పౌరుణ్ణి నమ్మని దేశం ఏం దేశం? మా తాత పిస్తోలు మా ఇంట్లో డెబ్భై ఏళ్లుగా ఉంది. ఈగను కూడా చంపలేదు.”

“మీ ఇంట్లో ఈగలు నీ గొంతుకే చస్తాయి బాల్ట్స్,” అంది రోస్లి. నవ్వులు తగ్గాక మెల్లిగా అంది: “నేను ఇరవై ఆరేళ్లుగా ఇళ్లలోకి వెళ్తున్నాను. దొంగ మీద పేలిన పిస్తోలు ఒక్కటీ చూళ్లేదు. చూసినవి వేరే. అవి చెప్పను, ఆ ఇళ్లవాళ్లు ఇక్కడే కూర్చున్నారు.”

మూల బల్ల దగ్గర హైరీ తన గ్లాసునే చూస్తున్నాడు.

బాల్ట్స్ ఫ్రిడ్లి వైపు తిరిగాడు. “నువ్వు చెప్పవోయ్. పదకొండుమంది కాగితాలు పట్టుకుని తిరుగుతున్నారు. ఓటు కాకముందే నువ్వే చట్టం చేసేశావా? లేక ఇంట్లో ఆవిడ చేసిందా?”

“అచ్చు పగిలింది.”

“ఏడు వారాలా! చంద్రుడి మీద పోత పోస్తున్నారా దాన్ని? నేను బెర్న్‌కి ఉత్తరం రాస్తాను.”

“రాయి. పట్టుకెళ్లేది హైరీనే.”

అందరూ నవ్వారు. హైరీ కూడా నవ్వాడు. నవ్వి, గ్లాసు దించి, ఫ్రిడ్లి ముఖంలోకి చాలాసేపు చూశాడు. అచ్చు ఎవరి కోసం పగిలిందో అతనికి అర్థమైంది ఆ మధ్యాహ్నమే అనుకుంటాను.

బాల్ట్స్ నిజంగానే రాశాడు. హైరీ ఆ ఉత్తరాన్ని పద్ధతిగా ముద్రవేయించి పంపించాడు. టపా విషయంలో అతను ఎవరికోసమూ వంకరపోడు. బెర్న్ నుంచి జవాబు రావడానికి ఎలాగూ నెలలు పట్టింది.

ఫిబ్రవరి పదమూడున ఓట్లు లెక్కపెట్టారు. దేశం మార్పు వద్దంది. మా లోయ కూడా వద్దంది. ఆయుధాలు ఇళ్లలోనే ఉండొచ్చు. సోమవారం పొద్దున్నే బాల్ట్స్ ఆయుధశాల గుమ్మంలో ఉన్నాడు.

“ఇక అతుక్కుందా నీ అచ్చు?”

“అచ్చుకి ఓటు లేదుగా బాల్ట్స్.”

ఇక్కడే ఇరుపక్షాలవాళ్లూ తికమకపడ్డారు. అంతవరకూ రోస్లి పక్షం అతన్ని తమవాడనుకుంది, బాల్ట్స్ పక్షం ద్రోహి అనుకుంది. ఓటు అయిపోయాక కూడా అచ్చు రాకపోయేసరికి, నిజంగానే పగిలిందేమో, పాపం ఫ్రిడ్లిని ఊరికే అన్నామే అనుకున్నారు కొందరు. అతను ఎటు ఓటు వేశాడో రోస్లికి కూడా తెలియదు. టపాలో పంపే ఓటు కవరు తనే నాలుకతో తడిపి అంటించుకున్నాడు.

మార్చి ఆరు సెయింట్ ఫ్రిడొలిన్ పండుగ, ఫ్రిడ్లికి పెట్టింది ఆ సాధువు పేరే. సాయంత్రం ఊరి బయట మంటలు వేసి చలికాలాన్ని పంపించేశాం. మర్నాడు సోమవారం, హైరీ టపా సంచీతోనే ఆయుధశాలకు వచ్చాడు. చొక్కాకు ఇంకా పొగ వాసన.

“అచ్చు వచ్చిందా?”

ఫ్రిడ్లి బీరువా తెరిచాడు. పిస్తోలు తీసి బిగించాడు. సుత్తి పక్కన పెట్టుకున్నాడు.

“ఎక్కడ పెడతావు?”

“నేలమాళిగలో ఇనప పెట్టె కొన్నాను. తాళంచెవి మా చెల్లెలి దగ్గర, ఎల్మ్‌లో. కావాలంటే బస్సెక్కి పోవాలి, వెళ్లగానే అది అరగంట తిడుతుంది.” హైరీ సంచీ భుజం మార్చుకున్నాడు. “మంచం పక్కన వెరెనా కళ్లజోడు నిన్న మళ్లీ పెట్టాను. మొన్న శనివారమే పెట్టుంటే నువ్వు చూసేవాడివే.”

ఫ్రిడ్లి తిండి డబ్బా మూత తీశాడు. జున్ను వాసన గదంతా నిండింది. పొట్లం కింద నుంచి అచ్చు తీసి, నూనె గుడ్డతో తుడిచి, ఒక్క దెబ్బ వేశాడు.

హైరీ పిస్తోలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. “ఛీ! ఇదేం కంపురా!”

“తాళంచెవితో పాటు కంపునీ మీ చెల్లెలింటికి పంపెయ్.”

మిగతా పదిమందికి ఆ వారంలోనే కబురు వెళ్లింది. ఆ కార్డులు పంచింది హైరీయే.

ఆ పదకొండు పిస్తోళ్లు ఇప్పటికీ మా లోయలో ఉన్నాయి. సేవ రెండువేల పదిలో ముగిసిందని వాళ్ల సైనిక పుస్తకాల్లో ఉంటుంది. ఇనుము మీద మాత్రం ‘పి’ పక్కన పదకొండు. వేసవిలో బెర్న్ నుంచి తనిఖీకి వచ్చిన అధికారి ఆ తేడా పట్టుకుని, ఏడాది ఎలా మారిందని అడిగాడట. ఫ్రిడ్లి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ప్రశ్న రెండుసార్లు చెప్పించుకున్నాడు.

“ఇక్కడ చలికాలం పొడుగండీ,” అన్నాడు.