శ్రావణ శుక్రవారం, బొగ్గు బస్సు

యుద్ధం రోజుల్లో మా ఇంట్లో పొద్దస్తమానం ఒకటే గొడవ. బస్సు పెట్రోలుతో నడిపితే లాభమా, బొగ్గుతో నడిపితే లాభమా? గుడివాడ నుంచి బందరుకు మా ఆయన సొంత బస్సు నడిపేవారు. పెట్రోలు కూపన్ల మీద తప్ప దొరక్కుండా పోయాక బస్సు వెనక ఒక ఇనప పీపా బిగించారు. అందులో బొగ్గు పోసి, అడుగున నిప్పు పెట్టి, చేత్తో గాలిమర తిప్పితే గ్యాసు పుట్టేది. ఆ గ్యాసుతో ఇంజను తిరిగేది. ఊళ్ళో అందరూ దాన్ని బొగ్గు బస్సు అనేవారు.

మా అత్తగారు బొగ్గు పక్షం. ఇంటి తాళాలూ, బస్సు రాబడీ ఆవిడ బొడ్లోనే ఉండేవి. "పెట్రోలు ఓడెక్కి రావాలి. బొగ్గు మన దివిసీమ నుంచి పడవెక్కి వస్తుంది. ఏది చవకో చంటిపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు" అనేది.

మా ఆయన పెట్రోలు పక్షం. ఆయన మాటలోనూ నిజం లేకపోలేదు. పెట్రోలయితే తాళం తిప్పి వెళ్ళిపోవడమే. బొగ్గుకయితే తెల్లారకముందే లేచి గంటసేపు నిప్పు రాజెయ్యాలి. కాలవ వంతెన వచ్చిందంటే బస్సు ముసలెద్దులా మూలిగేది, టికెట్టు కొన్న పాపానికి జనం దిగి తోసేవారు. గ్యాసు వడకట్టే కొబ్బరి పీచు రోజూ కడగాలి. ఆ పీచు కడిగేదీ, మసిపట్టిన పంచెలు ఉతికేదీ నేనే. కుంకుడుకాయలు కొట్టీ కొట్టీ నా అరచేతులు పగిలిపోయాయి. బొగ్గు చవకే, కాదనను. మా అత్తగారి లెక్కలో నా చేతులు లేవు కాబట్టి మరీ చవక.

ఆ ఏడు వానాకాలంలో ఆవిడ ఇంకో మెట్టు దిగింది. తుమ్మబొగ్గు మానేసి, హంసలదీవి వైపు మడచెట్లు కాల్చి అమ్మే బొగ్గు తెప్పించింది. సగం ధరకే వచ్చింది.

"ఉప్పునీళ్ళ చెట్టమ్మా అది. కాలితే ఏమవుతుందో" అన్నారు మా ఆయన.

"కాలితే బొగ్గవుతుంది" అంది ఆవిడ.

నాకప్పుడు నెలలు నిండుతున్నాయి. మొదటి రెండు కాన్పులూ పుట్టింట్లో అయ్యాయి గానీ, మూడోది అత్తింట్లోనే అనుకున్నాం. ఎప్పుడే అవసరం వస్తుందోనని మా ఆయన కూపన్ల పెట్రోల్లోంచి ఒక టిన్ను మిగిల్చి కొట్లో గోనెల వెనక దాచారు.

శ్రావణ శుక్రవారం నాడు మధ్యాహ్నం నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని కడుపు మీద చెయ్యి పెట్టి చూసి, మొహం తిప్పుకుంది. బిడ్డ అడ్డం తిరిగిందట. బందరు ఆసుపత్రికి చేర్చకపోతే తల్లీ బిడ్డా దక్కరని గుమ్మంలో గొణగడం నా చెవిన పడింది. మధ్యాహ్నం రైలు అప్పటికే వెళ్ళిపోయింది, మళ్ళీ రాత్రికి గాని లేదు. మా ఆయన కొట్లోకి పరుగెత్తి, ఒట్టి చేతులతో బయటికొచ్చారు.

"టిన్నేదమ్మా?"

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మిల్లువాళ్ళు మంచి ధర ఇస్తామన్నార్రా. మొన్ననే ఇచ్చేశాను."

ఆయన బస్సు దగ్గరికి పరుగెత్తారు. బస్సులో పరుపు వేసి నన్ను పడుకోబెట్టారు. అత్తగారు నా తల ఒళ్ళో పెట్టుకుంది. కండక్టరు గాలిమర తిప్పుతున్నాడు, పీపా రాజుకునే దాకా నేను పళ్ళు బిగించుకుని పడుకున్నాను.

కవుతరం దాటాక బస్సు దగ్గింది, జోరు తగ్గింది, ఒక ఊరి మొదట్లో ఆగిపోయింది. మా ఆయన వెనక్కి పరుగెత్తారు. పీపా అడుగున మడబొగ్గు బూడిద ఉప్పుకి కరిగి, ముదురుపాకంలా గడ్డకట్టి గాలి దారి మూసేసింది. అదంతా గునపంతో పొడిచి కిందికి లాగాల్సొచ్చింది. లాగిన నిప్పుల మీద అప్పుడే వాన పడింది. ఒక్క కణిక మిగల్లేదు. అగ్గిపుల్లలు నెమ్మెక్కి, గీస్తే మందు రాలిపోయింది.

"కాలే నిప్పు ఒక్క చట్టెడు దొరికితే చాలమ్మా, పావుగంటలో బయల్దేరతాం" అన్నారాయన.

అత్తగారు దిగి వెళ్ళింది. ఇళ్ళన్నీ రోడ్డు పక్కనే, మాటలన్నీ నాకు వినబడుతూనే ఉన్నాయి. అప్పుడే దీపాలు పెడుతున్నారు, పూజ గంటలు మోగుతున్నాయి.

"అయ్యో, శ్రావణ శుక్రవారమండీ, దీపాల వేళ. నిప్పెలా ఇస్తామండీ? లక్ష్మి వెళ్ళిపోదూ? అమ్మాయిని లోపలికి తీసుకురండి, మా మంచం మీద పడుకోబెట్టండి. కావలసినంత వేణ్ణీళ్ళు పెడతాం. నిప్పు మాత్రం అడక్కండి."

"పోనీ అగ్గిపెట్టె?"

"అదీ నిప్పే కదండీ."

అందరూ మంచివాళ్ళే. ఒకావిడ గొడుగిచ్చింది, ఇంకొకావిడ దిండిచ్చింది. అత్తగారు తడిసి ముద్దయి తిరిగొచ్చి నా పక్కన కూలబడింది.

"వాళ్ళననడానికేముందే? నేనైనా ఇవ్వను. పోయిన శుక్రవారం పక్కింటావిడ అడిగితే పొమ్మన్లేదూ?"

ఆవిడ పీక పిసికెయ్యాలన్నంత కోపం వచ్చింది నాకు. కానీ పిసకడానికి ఓపిక లేదు. ఇంట్లో వదిలొచ్చిన పిల్లలిద్దరూ కళ్ళలో మెదిలారు. నాకు చావాలని లేదు. ఆ మాట పైకే అన్నాను. అత్తగారు నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఏడ్చేసింది.

అప్పుడు చివరింటి తలుపు తెరుచుకుంది. తెల్లచీర ముసుగు వేసుకున్న ఒకావిడ, మసిగుడ్డలతో కుంపటి పట్టుకుని, వాన పడకుండా పైన మూకుడు బోర్లించి, గబగబా వస్తోంది. వితంతువు. బస్సుకి నాలుగడుగుల దూరంలో ఆగి మొహం పక్కకి తిప్పుకుంది, కాన్పుకి వెళ్ళే మనిషికి తన మొహం కనబడకూడదని.

"తీసుకోండి. రాత్రికి నేను తినే ఉప్పుపిండి ఉడుకుతుంటే దించేసి తెచ్చాను."

"శుక్రవారమమ్మా" అంది అత్తగారు. ఎందుకందో ఆవిడకే తెలియాలి.

"మా ఇంట్లోంచి లక్ష్మి ఎప్పుడో వెళ్ళిపోయిందండీ. ఇప్పుడు కొత్తగా పోయేదేముంది?"

మామూలు రోజయితే, వీధిలో వితంతువు ఎదురయితే మా అత్తగారు వెనక్కొచ్చి, కాళ్ళు కడుక్కుని, కాసేపు కూర్చుని గాని మళ్ళీ బయల్దేరేది కాదు. ఆ సాయంత్రం వానలోకి దిగి, రెండు చేతులా కుంపటి అందుకుంది. ఆ నిప్పుతోనే పీపా రాజుకుంది. కుంపటి తిరిగిచ్చే వ్యవధి కూడా లేక బస్సులోనే పెట్టేసుకుని వెళ్ళిపోయాం.

బందరులో డాక్టరమ్మ బిడ్డని తిప్పి తీసింది. ఆడపిల్ల. ఇద్దరం దక్కాం.

ఒళ్ళు కాస్త కుదుటపడ్డాక ఆ బస్సులోనే తిరిగి వస్తున్నాం. పీపాలో తుమ్మబొగ్గు. అంతకుముందే మా ఆయనకి ఇంకో టిన్ను దాచుకోమని అత్తగారే చెప్పింది, పెట్రోలు పక్షంలో చేరినట్టు మాత్రం ఒప్పుకోలేదు. ఆ ఊరు రాగానే బస్సాపించి, ఖాళీగా తిరిగివ్వకూడదని కుంపటినిండా మంచి బొగ్గు పోసి చివరింటికి తీసుకెళ్ళింది. పిల్లనెత్తుకుని వెనకే నేనూ వెళ్ళాను.

ఆవిడ తలుపు చాటునుంచే మాట్లాడింది. "అరుగు మీద పెట్టి వెళ్ళండి. బాలింతకి ఎదురు రాకూడదు. పైగా మడి కట్టుకుని ఉన్నాను."

అత్తగారు కుంపటి అరుగు మీద పెట్టింది. నన్నడక్కుండా నా చేతుల్లోంచి పిల్లని తీసుకుని, గడప దాటి లోపలికి వెళ్ళి, "కూర్చోండి" అని ఆవిడ ఒళ్ళో పడుకోబెట్టింది.

ఆవిడ చేతులు రెండూ గాల్లోనే ఉండిపోయాయి. పసిబిడ్డని ముట్టుకోవచ్చో లేదో తెలియనట్టు అత్తగారి వైపు చూసింది. పిల్ల కాళ్ళు ఆడించి, ఆవిడ మడిచీరంతా తడిపేసింది. తియ్యబోయి నేను గబుక్కున ముందుకి వంగాను.

"ఉండనివ్వమ్మా" అందావిడ, పిల్లని దగ్గరికి తీసుకుని.