పనిముట్ల పెట్టె కొలత

రోలరు బాబాయి మా వీధిలో అందరికీ బాబాయే. ఆయన్ని పేరు పెట్టి పిలిచిన మనిషిని నేను చూడలేదు. ఉద్యోగమంతా రోడ్డు రోలరు మీదే గడిచింది. రోడ్డు ఎక్కడ వేస్తే అక్కడ పక్కనే ఒక రేకుల గది, అందులో ఒక్కడే. రోడ్డు పూర్తయి బస్సులు తిరిగే వేళకి ఈయన మూటాముల్లే సర్దుకుని ఇంకో చోటికి పోయేవాడు. రిటైరయ్యాక మాత్రం ఒకటే పాట. "ఇన్నాళ్ళూ రోడ్లు వేశానమ్మా. ఇక రోడ్డు లేని చోట్లు చూస్తా."

"మతి పోయిందా బాబాయ్? జనం రోడ్డు వెయ్యండి మొర్రో అని అర్జీలు పెట్టుకుంటుంటే మీకు రోడ్డు లేని చోటు కావాలా?" అన్నాను. నా నోరు ఊరుకోదు. బళ్ళకి సీట్లు కుట్టే కొట్టు నాది. మిషను చప్పుడు మీద అరిచి అరిచి గొంతే అలా అయిపోయింది. కొట్టుని ఆనుకునే లారీ బాడీలు కట్టే మేస్త్రీ షెడ్డు ఉంది కాబట్టి బాబాయి ఆ తిరుగుడికి బండి కట్టించుకున్న కథంతా నా కళ్ళ ముందే జరిగింది.

బండి ఎంచుకునేసరికి మేస్త్రీకి తల ప్రాణం తోకకొచ్చింది. తళతళలాడే పికప్ చూపిస్తే, "సోకు బానే ఉంది, అడుగు చట్రం, అదే ఛాసిస్, సన్నం. గుంటలో పడితే లేవదు" అని బాబాయి పెదవి విరిచాడు. చివరికి రంగు వెలిసిన ఒక పాత పికప్ కిందకి దూరి, చొక్కా అంతా మట్టి చేసుకుని, సుత్తితో తట్టి తట్టి చూసి, నవ్వుతూ బయటికొచ్చాడు. నాలుగు చక్రాలూ లాగుతాయి, తుప్పు లేదు, నాకిది చాలన్నాడు.

ఇక వెనక తొట్టిలో పడుకోడానికి గది కట్టాలి. మేస్త్రీ ఇనుమంటే ఈయన అల్యూమినియం అన్నాడు. పైన బరువు పెరిగితే రాళ్ళదారిలో బండి ఒరుగుతుందట. నీళ్ళ ట్యాంకు అడుగునే, వెనక ఇరుసుకి కాస్త ముందుగా ఉండాలన్నాడు. గదిని ఛాసిస్‌కి బిగించేటప్పుడైతే పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

"గతుకుల్లో ఛాసిస్ మెలి తిరుగుతుంది మేస్త్రీ. గది తిరక్కూడదు. బోల్టుల కింద స్ప్రింగులు వెయ్యి."

"వేస్తున్నా కదయ్యా! నాకు చెప్తావేంటి?" అని మేస్త్రీ కసురుకున్నాడు.

అసలు రభస రెండో పడక దగ్గర మొదలైంది. "పోయేది ఒక్కడివి, రెండో పడకెందుకు? ఆ చోట పొయ్యి, అలమర పెడదాం" అని మేస్త్రీ నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. బాబాయి ససేమిరా అన్నాడు.

"పొయ్యి బయట పెట్టుకుంటా. అది పాపకి."

పాప అంటే ఆయన కూతురు. భార్య తొందరగా పోయింది. తను ఉండే చోట్ల బడి ఉండదని పిల్లని వాళ్ళ పెద్దమ్మ దగ్గర ఉంచేశాడు. ఇప్పుడామె వేరే ఊళ్ళో ఉద్యోగం చేస్తోంది. ఎప్పుడైనా వస్తే ఓ పూట కూర్చుని, టీ తాగి, సాయంత్రం బస్సుకే వెళ్ళిపోతుందట. నేను ఎప్పుడూ చూడలేదు. మొదటి ప్రయాణానికి తోడు వస్తావా అని ఈయన ఫోన్లో అడిగితే, "చూస్తాను నాన్నా" అందట. ఆ "చూస్తాను" అన్న ముక్క పట్టుకుని ఏకంగా పడకే కట్టిస్తున్నాడు మహానుభావుడు.

పరుపు కొలతకని తన పాత పనిముట్ల పెట్టె మోసుకుని నా కొట్టుకొచ్చాడు. "దీని మూత ఎంతుందో అంత కుట్టమ్మా."

"ఇంతేనా? మీ అమ్మాయి మరీ అంత పొట్టిదా బాబాయ్?"

"ఓ వేసవి సెలవుల్లో నా దగ్గరుంది. మంచం లేక ఈ పెట్టె మీదే పడుకునేది. ఎంత హాయిగా నిద్రపోయేదనుకున్నావ్! అంత సన్న పెట్టె, ఒక్కసారి కూడా కింద పడలేదు."

చెబుతున్నప్పుడు ఆయన మొహం చూసి, పొట్టి పిల్లేమోలే అని సర్దుకున్నాను. ఉన్నవాటిలో మెత్తటి పసుపు గుడ్డ తీసి పరుపు కుట్టాను. బోల్టు బోల్టుకీ టేపు పెట్టి కొలిచిన మనిషి, ఆ పడక బల్ల మాత్రం పెట్టె కొలతకే వేయించాడు.

బయల్దేరే రోజు పొద్దున్నే ఆటో ఆగింది. దిగిన మనిషిని చూసి గబుక్కున పసుపు పరుపు వైపు చూశాను. నిలువెత్తు మనిషి, బాబాయి ఆమె భుజం దగ్గరికొస్తాడు. చేతిలో పెద్ద సంచి. బాబాయి కళ్ళు ఆ సంచి మీదే నిలిచిపోయాయి.

"సెలవు దొరకలేదు నాన్నా. మళ్ళీసారి చూద్దాం. నీకు దుప్పటి, మందులు, టార్చి అన్నీ ఇందులో పెట్టాను" అంటూ ఆమె తల వంచుకుని గదిలోకి దూరింది. సంచి పసుపు పరుపు మీద పెట్టింది. "అబ్బ, భలే కట్టించావే! సామాన్ల బల్లకి కూడా మెత్త వేయించావా! ఏదీ పగలదు ఇంక."

నేను నోరు తెరవబోయాను. బాబాయి నా వైపు చూసి వద్దన్నట్టు తలాడించాడు.

"అవునమ్మా, సామాన్లకే" అన్నాడు.

ఆమె తండ్రి చేతులు పట్టుకుని జాగ్రత్తలన్నీ చెప్పి అదే ఆటోలో వెళ్ళిపోయింది. మంచి పిల్లే, పాపం. నాకు ఏడుపూ వచ్చింది, ఒళ్ళూ మండింది. ఎవరి మీద మండాలో మాత్రం తెలియలేదు.

"రెండ్రోజులు ఆగండి బాబాయ్. మేస్త్రీ పొడుగు చేస్తాడు, పరుపు నేను మళ్ళీ కుడతాను" అన్నాను.

"ఎటు చేస్తాడమ్మా? అటు ట్యాంకు, ఇటు తలుపు. ఇంక చోటు లేదు" అని ఆయన గదిలోకెక్కాడు. సంచిని పరుపు మధ్యకి జరిపి, మీద నుంచి బెల్టు వేసి బిగించాడు. లాగి చూసి, మళ్ళీ బిగించాడు.

"దారి బాగోదు కదా, కింద పడిపోతుంది" అన్నాడు.

తరవాత దిగి, గది తలుపు వేసి, స్టీరింగు ముందు కూర్చుని బండి తీశాడు.