చెలమ నీళ్లు

మొన్న ఎండాకాలంలో లింగాల దగ్గర మా అమ్మ పుట్టినూరికి పోయి వంక గట్టు మీద నిలబడ్డాను. కోళ్లఫారం వాళ్లు పారబోసిన ఈకలు, కుళ్లిన అరటి బోదెలు, పురుగుమందు డబ్బాలు, వాటి నడుమ నురగ తేలిన పచ్చటి మడుగు. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నా ఆ కంపు గొంతులోకి దిగింది. చిన్నప్పుడు నేను నీళ్లు తాగింది ఇక్కడే.

అప్పట్లో ప్రొద్దుటూరులో బడికి సెలవులిచ్చిన మర్నాడే అమ్మ నన్ను పులివెందుల బస్సెక్కించేది. ఊళ్లో మా పెద్దమ్మ లక్షుమ్మ ఉండేది. చిన్న వయసులోనే మొగుడు పోతే పుట్టింటికొచ్చి, తమ్ముడు ఓబులేసు మామ సేద్యంలో సగం పని తనే చేసేది. తెల్లారకముందే బిందె చంకన పెట్టుకుని ఆమె వంకలోకి దిగితే వెనకే నేను. చల్లటి ఇసుకను రెండు చేతులా తోడేస్తే గుంత అడుగున నీళ్లూరేవి; మొదట ఊరిన బురద నీళ్లు టెంకాయ చిప్పతో పారబోసి, తేటపడేదాకా అక్కడే కూర్చునేవాళ్లం, గట్టు మీది కానగ చెట్ల పూలు తలల మీద పేలాల్లా రాలుతుంటే. ఆ గుంతే చెలమ.

"కాలు పెట్టినావంటే ఈపు పగుల్తాది. తాగే నీళ్లివి" అనేది పెద్దమ్మ.

ఆ కానగాకునే మళ్లలో తొక్కి ఎరువు చేసేవాళ్లు. చుట్టాలొచ్చినప్పుడు బెల్లం ఓళిగలూ, మామూలు రోజుల్లో జొన్నరొట్టే, కారంగా ఊరుబిండి పచ్చడీ తిని ఆ నీళ్లు తాగితే గొంతు నుంచి పొట్టదాకా చల్లదనం దిగేది తెలిసేది.

నా ఎనిమిదో తరగతి అయిన ఎండాకాలానికి మామ బోరు వేయించి అరటి పెట్టాడు. కానగ చెట్లు ఇటుకబట్టీకి పోయాయి. వంకలో ఇసుక ట్రాక్టర్లకెక్కేది. ఒకనాడు అరటికి పురుగుమందు కొట్టిన డ్రమ్మును మామ చెలమలోనే కడిగించాడు. పెద్దమ్మ అరిస్తే, "ఇసకలో ఇంకిపోతాదిలే అక్కా, ఏం కాదు" అన్నాడు.

మధ్యాహ్నం మామ సేద్యపు ఎద్దు, నల్లటి కర్రెద్దు, ఆ నీళ్లు తాగింది. నోట నురగ కక్కుతూ, కాళ్లు తన్నుకుంటూ, పెద్దమ్మ చేతుల్లోనే కళ్లు తేలేసింది.

"పోతే పోయిందిలే. ట్రాక్టరు ఉండాది గదా" అన్నాడు మామ, తుండుతో మెడ తుడుచుకుంటూ.

పెద్దమ్మ చెలమ నుంచి చెంబుతో నీళ్లు తెచ్చి, మామ సంగటి ముందు కూర్చున్నాక తట్ట పక్కన పెట్టింది.

"తాగురా."

"ఏందక్కా ఇది?"

"చెలమ నీళ్లు. ఏం కాదంటివి గదా. వంక కిందనున్న పల్లెలో పిల్లోళ్లు ఇవే తాగుతాండారు. నువ్వూ తాగు."

"మనకు బోరు ఉండాది. వాళ్ల సంగతి నాకెందుకు?" అని సంగటి వదిలేసి లేచాడు మామ.

ఆ మాటకు పెద్దమ్మ మొహం అశుద్ధం తొక్కినట్టు ముడుచుకుపోయింది. నన్ను వెంటబెట్టుకుని పోయి చెలమ చుట్టూ తుమ్మకంప వేసి, కింద పల్లెలో గడప గడపకూ తిరిగి, ఆ నీళ్లు ముట్టుకోవద్దని చెప్పింది. ఎవరికీ ఏమీ కాలేదు. నా సెలవులు అయిపోయినప్పుడు నాతోనే బస్సెక్కింది. చచ్చిపోయేదాకా ప్రొద్దుటూరులో మా ఇంట్లోనే ఉంది. తమ్ముడి గడప తొక్కలేదు.

ఇప్పుడా వంకలో గుప్పెడు ఇసుక లేదు, ఒక్క కానగ చెట్టు లేదు. చెలమ అంటే ఏందని ఊరి పిల్లలే అడుగుతున్నారు. మొన్న వంక నుంచి మామ ఇంటికి పోయినప్పుడు, ముసలివాడైపోయిన మామ లోపలి నుంచి అరటిపండ్లు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"తినమ్మా, భయం లేదు. ఇవి మార్కెట్టుకు పంపే తోటవి కావు. ఇంట్లోకని పెరట్లో నాలుగు చెట్లు వేరేగా పెట్టుకున్నాం. వాటికి మందు కొట్టం."

అప్పటికే సగం పండు నా నోట్లో ఉంది. శానా తియ్యగా ఉంది. బయటికి పోయి ఉమ్మేశాను.