అన్న కోసం అట్టల స్టూలు

మా అన్న ఆ మాట అన్నది బంధువులందరి ముందు. సర్జాపుర రోడ్డులో మేం కొత్తగా చేరిన ఇంట్లో, స్టూలు చేద్దామని బాల్కనీ నిండా నేను ఆరబెట్టిన అట్టముక్కలు చూసి, "ఏమ్మే, ఇది ఇల్లా, పాతసామాన్ల గుజరీ అంగడా? కాయితం మింద యెవురన్నా కూచుంటారా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తుంది. వదిన కాస్త ఎక్కువే నవ్వింది.

దానిమీదే అన్నను కూర్చోబెట్టాలని ఆ రోజే అనుకున్నాను.

అపార్టుమెంటు గేటు దగ్గర పడేసే అట్టపెట్టెలు తెచ్చుకునేదాన్ని. అట్టలోని గీతలు ఒక పొరలో నిలువుగా, పై పొరలో అడ్డంగా వచ్చేలా మైదా జిగురుతో అతికించి, పైన బరువు పెట్టేదాన్ని. స్టూలు లోపల అట్టలనే అడ్డదిడ్డంగా ఒకదానిలో ఒకటి దూర్చి నిలబెట్టాను. బలమంతా అక్కడే. పైపూతకు పాత పేపర్లు నానబెట్టి, మెంతులు వేసి గ్రైండర్లో రుబ్బాను. మా అమ్మ వెదురు చేటలకు ఇలాగే పూసేది, పురుగు పట్టదని. మొదటి స్టూలు వానల్లో బూజుపట్టింది. రెండోది ఎండల్లో చేశాను, ఒక పూత ఎముకలా ఆరితే గానీ ఇంకోటి వేయకుండా. అన్నకు మోకాళ్ల నొప్పులని కాస్త ఎత్తుగా చేశాను. చెక్క రంగేసి వార్నిష్ కొట్టాను, అడుగున తప్ప.

ఊరికి ఆ చివరున్న యలహంక నుంచి అన్న ఎప్పుడొచ్చినా మా సోఫాలోంచి లేవలేక తిట్టుకుని తొందరగా వెళ్ళిపోయేవాడు. స్టూలు తయారయ్యాక వచ్చిన రోజు దాన్నే వేశాను. కూర్చున్నాడు. అన్నం తిన్నాడు, మజ్జిగ తాగాడు, కదల్లేదు. బయట జల్లు పడుతోంది.

"మెంతుల వాసన వస్తాండాది. మజ్జిగలో ఏసినావా?"

"లేదన్నా."

"అమ్మ చేటలకు పూసినప్పుడు ఇల్లంతా ఇదే వాసన. ఒకసారి ఏమయిందంటే, తడి చేట ఎత్తుకొని నేను..." నవ్వాడు. అమ్మ పోయాక ఆమె గురించి మా ఇంట్లో అన్న నోరు విప్పడం అదే మొదలు.

నేను ఆగలేకపోయాను. "నువ్వు కూచున్నదే ఆ గుజరీ కాయితం మింద!"

అన్న లేచాడు. స్టూలును చూశాడు, నన్ను చూశాడు. "దీనికోసమా నన్ను కూచోబెట్టినావు?"

కాఫీ అయినా తాగమన్నాను. చెప్పులు వేసుకుంటున్నాడు.

స్టూలు ఇప్పటికీ వెంట్రుకవాసి కూడా కుంగలేదు. అన్న వస్తూనే ఉంటాడు, నిలబడే కాఫీ తాగి పోతాడు. వాన పట్టినప్పుడు అడుగునుంచి మెంతుల వాసన వస్తుంది. తడి చేట ఎత్తుకుని అన్న ఏం చేశాడో నాకు తెలియదు. అప్పటికి నేను పుట్టలేదో, పసిదాన్నో. తెలిసిన మనిషి ఇప్పుడు అన్న ఒక్కడే.

అడగొచ్చు. కానీ ముందు నలుగురిలో నన్ను అన్నది తనే కదా.