తువ్వాలు కింద మారిన చెయ్యి

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఉన్నాయని ఎవరైనా ఒట్టేస్తే, ముందు సరుకు చూపించమనే రకాన్ని. బిలాస్‌పూర్ రైల్వే కాలనీ పక్కన మా నాన్న కిరాణా కొట్లో పెరిగాను మరి. నాన్నకు పేస్‌మేకర్ పెట్టాలని డాక్టరు చెప్పినప్పుడు కూడా నా నోటివెంట మొదట వచ్చిన మాట, "కాస్త చూసి చెప్పండి సార్."

నాన్న గుండె కొట్టుకోవడం బాగా నెమ్మదించి, కొట్లోనే స్పృహ తప్పాడు. ఎడమ భుజం దగ్గరి సిరలోంచి గుండెలోకి తీగ దించుతామన్నారు.

లోపలికి తీసుకెళ్తుంటే నాన్న తన తువ్వాలు నా చేతిలో పెట్టాడు.

"డాక్టరుబాబు కాడ బేరాలాడీకురా, పరువు పోతాది."

ఆ తువ్వాలు సంగతి చెప్పాలి. మస్తూరీ నుంచి పప్పులు తెచ్చే వ్యాపారుల ముందు మేమిద్దరం దాని కింద చేతులు పెట్టుకుని వేళ్లతోనే మాట్లాడుకునేవాళ్లం. నాన్న నా ఎడమ అరచేయి నొక్కి వదిలేసి, కుడిచెయ్యి పట్టుకున్నాడంటే, ఇతన్ని వదిలేసి అవతలివాడి దగ్గరికి పద అని.

మిట్టమధ్యాహ్నం. కారిడార్ నిండా జనం. నా చేతులు ఒళ్లోని తువ్వాలు కింద ఉన్నాయి. ఎవరో నా ఎడమ అరచేయి నొక్కారు. వదిలారు. కుడిచెయ్యి పట్టుకున్నారు.

తువ్వాలు ఎత్తి చూశాను. నా చేతులే. పక్క కుర్చీ ఖాళీ.

అంతలో డాక్టరు బయటికి వచ్చాడు. తల్లి కడుపులో ఉన్నప్పుడు పైనుంచి గుండెలోకి దిగే పెద్ద సిరలు రెండు పక్కలా ఉంటాయట. ఎడమది క్రమంగా కుంచించుకుపోయి, గుండె వెనక దారప్పోగులాంటి చిన్న సిరగా మిగులుతుందట. మా నాన్నకు అది కుంచించుకోనే లేదు. తీగ ఆ దారిన చుట్టు తిరిగి వస్తోంది, నిలవడం లేదు. కుడివైపు ప్రయత్నించవచ్చు, కానీ ఇలాంటివాళ్లలో కొందరికి కుడి సిర ఉండదు. లేదంటే ఇక్కడితో ఆపి రాయ్‌పూర్ పంపాలి. దారిలో గుండె ఆగదని చెప్పలేను అన్నాడు.

"కుడివైపు," అన్నాను. బేరమాడకుండా నేను ఒప్పుకున్నది అదొక్కటే.

కుడి సిర ఉంది. తీగ నిలిచింది.

చేతులు తిమ్మిరెక్కి ఉంటాయి, కునుకు పట్టి ఉంటుంది, డాక్టరు ఎలాగూ కుడివైపే చూసేవాడేమో. నాకు నేనే ఎన్ని చెప్పుకున్నా బేరం తెగడం లేదు.

ఇంటికొచ్చాక అడిగాను. "నాన్నా, కుడేపని నీకెలాగ తెల్సింది?"

"నాకేటి తెల్సురా? మత్తుసూది ఏసీసరికి కళ్లు మూతలడిపోనాయి." అంటూనే నా వైపు తిరిగాడు. "అచ్ఛా, కల్లో తువ్వాలు కింద నా సెయ్యి మార్చినావు. నువ్వే కదేటి?"

నేను మార్చలేదు. తనూ మార్చలేదంటాడు. ఎవరు ఎవరికి చెప్పినట్టో ఇవాళ్టికీ నాకు అంతుపట్టదు.

ఇప్పుడూ కొట్లో బేరం వస్తే తువ్వాలు మధ్యలో పరుస్తాం. దాని కింద ముందు చెయ్యి పెట్టేది నువ్వంటే నువ్వని ఒకరి మొహం ఒకరం చూసుకుంటాం.